చివరి ముక్క రాములమ్మది

నారపల్లిలో ఆ గేటును తారామణి మొదట వేళ్ళతో తట్టింది. తర్వాత గాజులు గలగలలాడేలా అరచేత్తో కొట్టింది. ఆఖరికి రోడ్డు పక్క కంకర రాయి ఒకటి ఏరుకొచ్చి ఇనుప రేకు మీద ధనధనా బాదింది. ఎదురింటి కుక్క లేచి మొరిగింది. పక్క ప్లాటులో గోడ కడుతున్న మేస్త్రీ తాపీ ఆపి తలెత్తి చూశాడు. లోపలున్న మనిషి మాత్రం ఉలకలేదు, పలకలేదు.

ఆ మనిషి కనిపించక కాదు. గేటు సందులోంచి చూస్తే వంటింటి కిటికీ, కిటికీలో రాములమ్మ వీపు, నెరిసిన జుట్టు ముడి, గరిటె తిప్పుతున్న మోచేయి. మధ్యన ఉన్నది నాలుగు బారల వాకిలి. "అక్కా! ఓ రాములక్కా! జర ఇటు మర్లు!" అని గొంతు చించుకుంది తారామణి. చూసీ చూసీ మేస్త్రీకి జాలేసింది.

"ఆమెకు ఇనబడదమ్మా. బయట తాళం గూడ ఉన్నది, సూస్తలేవా? కొడుకొచ్చేదాంక గంతే."

"నాకెర్కలేదా?" అని అతని మీద కసురుకుంది. అతనేం పాపం చేశాడు! అన్నీ తెలిసి కూడా ఇంతదూరం వచ్చిన తన మీద తనకే కోపం. అరటాకులో చుట్టి తెచ్చిన సర్వపిండి అతని చేతిలో పెట్టి, "నువ్వన్న తిను బిడ్డా, చల్లారిపోతది" అని చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా బస్టాపు దాకా నడిచింది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఉప్పల్ దాకా ఫ్లైఓవర్ పిల్లర్లన్నీ వరసగా వెనక్కి పోతుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

రాములమ్మ ఆమెకు అక్కా కాదు, వదినా కాదు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒకప్పుడు స్టెబిలైజర్ బోర్డులు తయారుచేసే ఒక చిన్న కంపెనీ ఉండేది. ఇప్పుడది లేదు కాబట్టి పేరుతో పని లేదు. అందులో ఒక పొడుగాటి బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నవాళ్ళు వీళ్ళిద్దరూ. పెళ్ళయిన కొత్తలో చేరిన తారామణి, కూతురికి పెళ్ళి చేసి కీసరకు పంపాక కూడా ఆ బెంచీ మీదే ఉంది. ఇంట్లో మొగుడి పక్కన కూర్చున్న పొద్దు కంటే రాములమ్మ పక్కన కూర్చున్న పొద్దే ఎక్కువ. ఆ మాట ఆమె మొగుడు బతికున్న రోజుల్లోనే అతని మొహం మీద అన్నది.

ఆ బెంచీ పద్ధతి వేరు. బోర్డు కుడి పక్కనుంచి వస్తుంది. నీ గిన్నెలో ఉన్న ముక్క నువ్వు నీ చిల్లుల్లో పెట్టి, ఎడమ పక్కకు జరపాలి. ముక్క పేరు తెలియనక్కర్లేదు, దాని పని అసలే తెలియనక్కర్లేదు. దాని ఒంటి మీద రంగు గీతలు చూసుకుంటే చాలు. సూపర్‌వైజర్ బసవరాజు చేతులు వెనక్కి కట్టుకుని బెంచీ పొడుగునా తిరుగుతూ రోజూ ఒకటే పాట పాడేవాడు: "ఎవల ముక్క వాళ్ళే పెట్టుర్రి. పక్కోళ్ల ముక్క ముట్టిన్రనుకో, బోర్డు ఖరాబ్, మీ జీతం ఖరాబ్." తారామణి బెంచీకి చివర రెండో మనిషి. రాములమ్మ చిట్టచివరి మనిషి. చివరి ముక్క రాములమ్మది. అది పెట్టగానే బోర్డు గోడలో ఉన్న కంతలోంచి అవతలికి పోయేది. అవతల గాజు గది. అక్కడ సీసం పోత పోసి, తీగలు తగిలించి, బల్బు వెలుగుతుందా లేదా చూసేవారట. గాజుకు లోపలి నుంచి పరదా. ఇన్నేళ్ళు బోర్డులు పెట్టారు గానీ ఒక్కటంటే ఒక్కటి వెలగడం ఈ ఇద్దరూ కళ్ళారా చూడలేదు.

బెంచీ మీద మాట్లాడకూడదు. మాట్లాడదామన్నా కంప్రెసర్ మోతకు వినపడి చావదు. అందుకని మోచేతులతో మాట్లాడుకునేవారు. రాములమ్మ మోచేతితో ఒక పోటు పొడిస్తే, "ఇన్నలే" అని, అంటే విన్నానని. రెండు పోట్లు పొడిస్తే, "నా చెయ్యి ఖాళీ, ఇటు జరుపు" అని. పొడిచి అలాగే నొక్కి పట్టిందంటే, బసవరాజు వెనకాలే ఉన్నాడని. ఆ మూడింటితోనే కాపురాలు, కాన్పులు, కడుపు మంటలు అన్నీ చెప్పుకున్నారంటే నమ్ముతారా? నమ్మకపోతే మీ ఖర్మ, చెప్పుకున్నారు.

తర్వాత ముక్కలు పెట్టే మిషన్ వచ్చింది. ఆ తర్వాత కంపెనీయే పోయింది. తారామణి నాచారంలోనే ఒక కాలనీ కమ్యూనిటీ హాలుకు కాపలా మనిషిగా కుదిరింది. ఊడవడం, తాళాలు తీయడం, ఫంక్షన్ల తర్వాత ఇస్తరాకులు ఎత్తించడం ఆమె పని, హాలు వెనక గది ఆమె ఇల్లు. రాములమ్మ కొడుకు శివ నారపల్లిలో ప్లాటు కొని రెండు గదులు వేసుకున్నాడు, తల్లిని తీసుకుపోయాడు. అక్కడే మెల్లమెల్లగా రాములమ్మ చెవులు పోయాయి. కోఠి దవాఖానాలో నరం బలం పోయిందన్నారు. చెవి మిషన్ పెడితే అది మాటలు వినిపించేది మానేసి హోరు వినిపించింది, తీసి అల్మారాలో పారేసింది. ఫోను కూడా ఆ అల్మారాలోనే, అది మోగినా వణికినా దాని బాధ దానిదే.

శివ క్యాబ్ నడుపుతాడు, కోడలు ఉప్పల్‌లో బట్టల దుకాణానికి పోతుంది. ఒకరోజు గేటు తీసి ఉంటే ఎవడో దర్జాగా లోపలికొచ్చి వరండాలో గ్యాసు బండ ఎత్తుకుపోయాడు. వెనక గదిలో బియ్యం ఏరుతున్న రాములమ్మకు సోయి లేదు. సరే, లోపల గడియ పెట్టుకొమ్మన్నారు. పెట్టుకుంది. ఆ సాయంత్రం కోడలు జడివానలో గేటు ముందు తడిసి ముద్దయింది, లోపల అత్త హాయిగా పప్పు వండుకుంటోంది. ఆ మర్నాటి నుంచి శివ బయట తాళం వేసి పోతున్నాడు. ఆదివారం ఇంట్లోనే ఉంటాడు, కానీ ఆదివారమొస్తే హాల్లో ఏదో ఒక ఫంక్షన్, తారామణికి ఊపిరి సలపదు. ఆమెకు తీరిక దొరికేది బుధవారం. బుధవారం గేటుకు తాళం.

గేటు దాటితే చాలు, చెవులతో పనేముంది వాళ్ళకు! పక్కన కూర్చుంటే మోచేయి ఉంది కదా. తారామణి బాధంతా ఇదే. మనిషి బతికే ఉంది, గరిటె తిప్పుతూనే ఉంది, అందదు.

అలాంటి రోజుల్లో హాల్లోకి హిమజ వచ్చింది. గుంటూరు వైపు పిల్ల, పోచారంలో ఉద్యోగం, కాలనీలో అద్దెకుంటుంది. శనివారం సాయంత్రాలు కాలనీ పిల్లలకు ఎలక్ట్రానిక్స్ నేర్పుతానని కమిటీని అడిగి హాలు తీసుకుంది. ఆమె తెచ్చిన డబ్బాల్లో రంగురంగుల ప్లాస్టిక్ ముక్కలు. చంటిపిల్లల గౌన్లకు ఉండే టిచ్ బటన్లలాగా ప్రతి ముక్కకూ రెండు చివర్లా బటన్లు. చిల్లుల అట్ట మీద ఒకదానికొకటి టక్కుమని అతుక్కుంటాయి. సీసం లేదు, పొగ లేదు, వేలు కాలేది లేదు. ఒక ముక్క బ్యాటరీ, ఒక ముక్క స్విచ్, ఒక ముక్క దీపం, ఒట్టి తీగలాంటివి కొన్ని. తారామణి గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చునేది, తాళం వేసి పోవాలి కదా అని పైకి చెప్పుకునేది. చూపంతా ముక్కల మీదే.

పిల్లలు పోయాక ఊడుస్తుంటే జంపఖానా కింద, కుర్చీల కాళ్ళ సందున ముక్కలు దొరికేవి. దొరికినవి కడిగి, తుడిచి, కొంగున మూట కట్టి మళ్ళీ శనివారం హిమజకు ఇచ్చేది. మూడోసారి ఇచ్చినప్పుడు హిమజ నవ్వింది.

"ఆంటీ, మీరు ఊరికే చూస్తారెందుకు? వచ్చి కూర్చోండి."

"నేనా? ఏడో తరగతి దాంక సదివిన బిడ్డా. గీ పిల్లల నడుమ ఏం కూసుంట?"

"ఏడో తరగతి చాలండీ. మీ పక్కన కూర్చునే పిల్లలు ఐదో తరగతి."

అలా కూర్చుంది. హిమజ బోర్డు మీద బొమ్మ గీసింది. తారామణి చేతులు బొమ్మ చూసీ చూడక ముందే కదిలాయి. టక్, టక్, టక్. ఆ వేగానికి పక్క పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టారు. అంతా పెట్టి, మిగిలిన ఒక్క ముక్కనూ పక్కన పెట్టి, ఆమె అట్టను ఎడమ చేతి వైపుకు ఒక్క జరుపు జరిపింది.

ఎడమ పక్క ఎవరున్నారని? టేబుల్ అంచు దాటి అట్ట దబ్బున కింద పడింది. ముక్కలన్నీ చెల్లాచెదురు. పిల్లలు గొల్లున నవ్వారు.

"అయ్యో, ఎందుకలా నెట్టారు ఆంటీ? ఇంకా ఒక ముక్క ఉంది కదా!" అని హిమజ వంగి ఏరుతోంది. తారామణి ఏరలేదు. ఎడమ పక్క ఖాళీ జాగాను చూస్తూ కూర్చుండిపోయింది. కళ్ళు నిండాయి. ముందు ఏమీ లేదన్నది. హిమజ వదల్లేదు. పిల్లలంతా పోయాక తారామణి బెంచీ గురించి, గాజు గది గురించి, నారపల్లి గేటు గురించి పొల్లు పోకుండా చెప్పింది.

ఆ సాయంత్రమే రెండోసారి అన్నీ పెట్టింది. చివరి ముక్క దగ్గర చేయి ఆగింది. హిమజ, "పెట్టండి, ఇది కూడా మీదే" అన్నది. దొంగతనం చేస్తున్నట్టు అటూ ఇటూ చూసి పెట్టింది. ఎర్ర దీపం వెలిగింది. అంతే, చిటికెన వేలి గోరంత వెలుగు! దాని కోసమేనా ఇన్నేళ్ళు ఎదురుచూసిందని మీరనుకోవచ్చు. ఆమెకు మాత్రం దాన్ని చూస్తే ఒకటే అనిపించింది. పక్కన అక్క ఉంటే బాగుండేది.

"బిడ్డా, గేటు కాడ నొక్కితే వంటింట్ల దీపం ఎలగాలె. అక్క సూసి గేటు తెరవాలె. అయితదా?"

"అవుతుందండీ. అలాంటివి రెడీమేడ్‌గా దొరుకుతాయి కూడా, నేను ఆర్డర్ పెడతాను."

"దొరికితే దొరకనీ. నేను జేస్త," అన్నది తారామణి. ఆమె మొండితనం తెలిసినవాళ్ళు ఆ గొంతు విని ఊరుకునేవాళ్ళు. హిమజకు తెలియదు కాబట్టి ఇంకో రెండుసార్లు చెప్పి, ఆ తర్వాత ఊరుకుంది.

తారామణి శివకు ఫోన్ చేసింది. అతను ఏదో సిగ్నల్ దగ్గర ఉన్నాడు. "చిన్నమ్మా, అమ్మకు ఎవలొచ్చిన్రో తెలిస్తే నాకు తాళంతో ఏం పని? లోపటి గడియే పెట్టుకుంటది. గని అది ఒక్కసారి గూడ తప్పొద్దు. నా కండ్లతోని సూస్తెనే తీస్త," అన్నాడు. మంచిది, చూపిస్తానన్నది.

ఇక అక్కడి నుంచి ఆమెకు తిండి మీద ధ్యాస లేదు, నిద్ర మీద ధ్యాస లేదు. ముక్కలు సగం పోయిన పాత డబ్బా ఒకటి హిమజ ఆమెకే ఇచ్చేసింది, జంపఖానా కింద దొరికినవాటితో అది నిండింది. మొదటి తంటా, వచ్చినవాళ్ళు స్విచ్ నొక్కినంతసేపే దీపం వెలుగుతుంది, వేలు తీస్తే ఆరుతుంది. ఆ క్షణాన రాములమ్మ కూరగాయలు కోస్తూ తల వంచుకుని ఉంటే? అందుకు హిమజ ఇంకో ముక్క తెచ్చింది. నల్లగా, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. దాని పేరు మైక్రోకంట్రోలర్ అన్నది. లాప్‌టాప్‌లో చెప్పి పంపితే గుర్తుపెట్టుకుంటుందట, మిగతా ముక్కలకు పని చెబుతుందట, తనంతట తను మాత్రం ఏమీ ఆలోచించదట.

"ఇగ చెప్పకు, తెలిసింది," అన్నది తారామణి. "ఇది మా బసవరాజు సారు."

ఆ రోజు నుంచి దాన్ని సారనే పిలిచింది. లాప్‌టాప్‌లో చెప్పడం కూడా ముక్కలతోనే. తెర మీద రంగు దిమ్మెలు, తెలుగులోనే రాసి ఉంటాయి, ఒకదాని కింద ఒకటి చేర్చాలి. నొక్కితే, వెలుగు, ఆగు, ఆరు, ఆగు, మళ్ళీ. మౌస్ జరపడం రాక మొదట్లో దిమ్మెలన్నీ తెర అంచున కుప్పపడేవి. "ఆగు" పెట్టడం మరిచిపోయిన రోజు దీపం ఎంత వేగంగా మిణికిందంటే కంటికి ఆనలేదు, కరెంటు తక్కువైన బల్బులాగా మందంగా కనిపించింది. సారు మీద విసుక్కుంది. "మీరు చెప్పిందే చేశాడు కదండీ పాపం," అని హిమజ సారును వెనకేసుకొచ్చింది.

పదిసార్లు మెరవాలని పెట్టింది. పెట్టాక ఆలోచనలో పడింది.

"పదిసార్లు మెరిసి ఆగిపోతే ఎట్ల? అక్క పెరట్ల ఉంటది, బట్టలు ఆరేసి వచ్చేసరికి అయిపోతది. నూరు పెట్టాల్నా?"

"ఎన్నిసార్లని చెప్పక్కర్లేదు ఆంటీ. ఇంకో దిమ్మె ఉంది చూడండి. లోపల తెల్ల బటన్ ఒకటి పెడదాం. ఆవిడ వచ్చి అది నొక్కేదాకా మెరుస్తూనే ఉండమని చెప్పొచ్చు."

"వచ్చేదాంక?" తారామణి తెర వంక చూసింది. "ఎంతసేపైనా? గట్ల గూడ చెప్పొచ్చా?"

"చెప్పొచ్చు."

తారామణి ఆ దిమ్మెను మౌస్‌తో పట్టుకుని, జారనివ్వకుండా మెల్లగా తెచ్చి మిగతావాటి చుట్టూ చేర్చింది. తను బుధవారాలు గేటు దగ్గర చేస్తున్నది అదే కదా అనుకుంది. తనకైతే బస్సు టైమవుతుంది, సారుకు కాదు.

ఇంకొక్కటి ఆమే అడిగింది. లోపల తెల్ల బటన్ నొక్కినప్పుడు గేటు దగ్గర పచ్చ దీపం వెలగాలి. "ఎందుకండీ?" అన్నది హిమజ. "బయట నిలబడ్డోళ్లకు తెల్వొద్దా, లోపల చూసిన్రని," అన్నది. బయట నిలబడ్డోళ్ళెవరో హిమజకు తెలుసు, నవ్వి ఆ దిమ్మె కూడా చేర్చిపెట్టింది.

శివ ఒక శుక్రవారం నాచారంలో ఎవరినో దింపి హాలుకు వచ్చాడు. ఇంకో బుకింగ్ పడింది, నిలబడే చూస్తానన్నాడు. హిమజ ఆఫీసులో ఉంది. తారామణికి కంగారు పుట్టింది. డబ్బా తీసింది, బ్యాటరీ, సారు, స్విచ్, తెల్ల బటన్, దీపాలు, తీగ ముక్కలు టకటకా పెట్టేసింది. "నొక్కు శివా," అన్నది.

శివ నొక్కాడు. ఏమీ లేదు. గట్టిగా నొక్కాడు. ఉహూ.

"నిన్ననే ఎలిగింది బిడ్డా! నా మీద ఒట్టు, నిన్న మస్తుగ ఎలిగింది!" ముక్కలన్నీ తడుముతోంది. శివ ఫోను మోగుతోంది.

"చిన్నమ్మా, నువ్వు మా అమ్మ కోసం ఎంత పరేషాన్ అయితున్నవో నాకెర్కే," అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే ఆమెకు ఎక్కువ బాధ. "గని దీన్ని నమ్మి తాళం తీసి పోతే, గిట్లనే ఎలగకుంటే? అమ్మను లోపటేసి తాళం పెట్టుడు నాకేం సరదానా? బండి ఆగినప్పుడల్లా ఆ తాళమే యాదికొస్తది. ఉండనీ చిన్నమ్మా, విడువు." ఆమె భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

బండి మలుపు తిరిగాక కనిపించింది. అట్టకు ఎడమ పక్కన, టేబుల్ మీద, బుద్ధిగా పడుకోబెట్టినట్టు ఒక తీగ ముక్క. చివరి ముక్క. కంగారులో చేతులు తమ పాత దారిన పోయాయి. అక్క ముక్క అక్కకు వదిలేశాయి.

"థూ, నీ చేతులిరగ! నీకు బుద్ధి ఎప్పుడొస్తదే!" అని తనను తనే తిట్టుకుంది. ఆ చేతులను చెంపలకేసి కొట్టుకుంది. ఫోన్ తీసి శివకు చెబుదామనుకుంది. ఏమని చెబుతుంది? మీ అమ్మ పక్కన లేదు కాబట్టి వెలగలేదని చెబితే ఎవరైనా నమ్ముతారా? ఫోను పక్కన పెట్టేసి, ఖాళీ హాల్లో చాలాసేపు కూర్చుంది. ఇంత దిగులు ఆమెకు మొగుడు పోయినప్పుడు కూడా కలగలేదేమో.

శనివారం కమిటీ ప్రెసిడెంటుకు చెప్పేసింది. "రేపు ఫంక్షన్‌కు నేనుండ."

"ఆదివారం పూట సెలవేమిటి తారామణీ? కేటరింగ్ వాళ్ళకు తాళాలెవరిస్తారు?"

"గీ తాళాలు మీ దగ్గరుంచుకోండి సార్. ఇంకో తాళం పని ఉన్నది నాకు."

ఆదివారం పొద్దున్నే డబ్బా ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది. గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా డబ్బాను రెండు చేతులా పొదువుకుంది. గేటు తీసింది శివే. డబ్బా చూసి, "మళ్ళా తెచ్చినవా చిన్నమ్మా," అన్నాడు నీరసంగా. ఆమె జవాబు చెప్పకుండా లోపలికి నడిచింది. వంటింట్లో కింద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న రాములమ్మ తలెత్తింది.

"తారా! ఓసి నీ... ఎంత ఎండినవే! తింటలేవా?" తన గొంతు తనకు వినపడదు కదా, అరుపుకు గోడ మీది బల్లి పరుగెత్తింది. "ఎన్నొద్దులాయె వచ్చి! మర్సినవనుకున్ననే!"

మర్చిపోయిందట! తాళం వేసిన ఆ గేటు ముందు నిలబడిన బుధవారాలన్నీ తారామణికి గుర్తొచ్చాయి. ఎట్లా చెబుతుంది, ఏ సైగతో చెబుతుంది? వెళ్ళి పక్కన కూలబడి, ఆ మనిషి భుజం మీద తల పెట్టి బావురుమన్నది. రాములమ్మకు ఎందుకో అర్థం కాలేదు. అయినా తనూ ఏడ్చింది.

కాసేపటికి శివ గోడ వెంట గేటు దాకా వైరు లాగి, ఆ కొసన స్విచ్, పచ్చ దీపం తగిలించాడు. చిన్నమ్మ మాట తీసేయలేక లాగాడు గానీ మొహంలో నమ్మకం లేదు. తారామణి ముక్కు చీదుకుని, డబ్బా విప్పి, కింద కూర్చునే అట్ట మీద ముక్కలు పెట్టసాగింది. రాములమ్మ చిక్కుడుకాయల పళ్ళెం పక్కకు నెట్టి వంగి చూస్తోంది. బ్యాటరీ. సారు. తెల్ల బటన్. ఎర్ర దీపం. టక్, టక్. కంటి కొసన రాములమ్మ మోచేయి, పక్కన ఆమె వెచ్చదనం. తారామణికి ఎక్కడున్నదీ మరుపుకొచ్చింది. చివరి ముక్కను ఎడమన పెట్టి, అట్టను జరిపేసింది.

జరిపాక గానీ తెలియలేదు. మళ్ళీ అదే! శివ చూస్తూనే ఉన్నాడు. వెనక్కి లాక్కుందామని చెయ్యి చాచింది.

అప్పటికే రాములమ్మ వేళ్ళు ముక్కను అందుకున్నాయి. ఇది ఏమిటని అడగలేదు, ఎక్కడ పెట్టాలని చూడలేదు. ఉన్న ఖాళీ ఒక్కటే, అందులో పెట్టి బొటనవేలితో నొక్కింది. టక్. పెట్టి, పనైపోయినట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నొక్కు పో శివా," అన్నది తారామణి.

శివ గేటు దగ్గరికి పోయాడు. ఎర్ర దీపం మెరిసింది. ఆరింది. మెరిసింది. శివ స్విచ్ వదిలేసి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, అయినా అది మెరుస్తూనే ఉంది. రాములమ్మ నోరు తెరుచుకుని చూసింది. తారామణి ఆమె వేలు పట్టుకుని తెల్ల బటన్ మీద పెట్టి నొక్కించింది. ఎర్ర దీపం ఆగిపోయింది, గేటు పక్కన పచ్చగా వెలిగింది.

"తారా," అన్నది రాములమ్మ. ఈసారి అరవలేదు, ఎలాగో గొంతు తగ్గింది. "గాజు గదిల గిట్లనే ఎలిగేదా మనయి?"

నాకేం తెలుసన్నట్టు తారామణి చేతులు తిప్పింది. ఇద్దరికీ నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. శివ మాత్రం ఆ మధ్యాహ్నమంతా గేటుకూ వంటింటికీ తిరుగుతూ నొక్కి నొక్కి చూశాడు. తల్లి పెరట్లో ఉన్నప్పుడు నొక్కాడు, స్నానానికి పోయినప్పుడు నొక్కాడు, తిరిగొచ్చేదాకా దీపం మెరుస్తూనే ఉంది. పొద్దువాలాక తాళం కప్ప తెచ్చి, తాళంచెవితో సహా తల్లి ఒళ్ళో పెట్టాడు. బయటికి పోయి బండి తుడవడం మొదలుపెట్టాడు.

బుధవారం వచ్చింది. తారామణి అరటాకులో సర్వపిండి చుట్టుకుని నారపల్లిలో దిగింది. గేటుకు బయట తాళం లేదు. పక్క ప్లాటులో గోడ మనిషెత్తు లేచింది, మేస్త్రీ ఆమెను గుర్తుపట్టి చేయి ఊపాడు. ఆమె స్విచ్ నొక్కింది.

ఏమీ లేదు. గేటు సందులోంచి చూసింది, కిటికీలో ఎవరూ లేరు. బ్యాటరీ అయిపోయిందా, వైరు ఊడిందా? సారు మరిచిపోయాడా? కంకర రాయి కోసం కళ్ళు రోడ్డు పక్కకు పోయాయి. వద్దనుకుంది. అక్క పెరట్లో ఉండొచ్చు, బట్టలు ఆరేస్తుండొచ్చు. వచ్చేదాకా అని తనే కదా చెప్పింది. పొట్లం గుండెకు ఆనించుకుని, ఆ చిన్న పచ్చ దీపం మీదే చూపు నిలిపి నిలబడింది.

దీపం వెలిగింది. ఆరింది. ఇన్నలే, అనుకుంది తారామణి. అంతలోనే అది మళ్ళీ వెలిగింది, గబగబా రెండుసార్లు, ఆ మోచేతి పోట్లలాగే. ఎవరూ నేర్పలేదు రాములమ్మకు, దిమ్మెల్లో రాసింది కూడా కాదు. నా చెయ్యి ఖాళీ, ఇటు జరుపు.

"వస్తున్న అక్కా," అన్నది తారామణి, వినపడదని తెలిసి కూడా.